లెక్కలక్క

మా ఊళ్ళో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు చాలా తక్కువ. లెక్కలక్క అంటే మాత్రం తెలియనివాళ్ళు లేరు. మనవలున్న ముసలమ్మలు కూడా ఆమెను లెక్కలక్క అనే పిలిచేవాళ్ళు. అప్పటికి ఆమె వయసు ఇరవై. కావలిలో డిగ్రీ ఆఖరు సంవత్సరం. నాకు పదహారు. పదో తరగతి పాసై ఇంట్లో కూచున్నాను. ఇంటర్‌కి పంపాలా, పొగాకు పనికి పంపాలా అని మావాళ్ళు ఎటూ తేల్చుకోలేక ఉన్నారు. అట్లాంటప్పుడు ఆమె మా ఊరికి వచ్చింది, అదీ సైకిల్ తొక్కుకుంటూ.

ఆడపిల్ల సైకిల్ తొక్కడం మా నెల్లూరు మెట్ట పల్లెల్లో అప్పట్లో వింతే. పక్కన తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో, అక్షరాస్యత ఉద్యమంతో పాటే ఆడవాళ్ళకు సైకిల్ కూడా నేర్పారని చాలా తర్వాత చదివాను. మా దగ్గర అట్లాంటి ఏర్పాటేం లేదు. ఆమె వాళ్ళ నాన్న సైకిల్ మీద తనంతట తనే నేర్చుకుంది. అది మధ్యలో అడ్డకడ్డీ ఉన్న మగవాళ్ళ సైకిల్. లంగా ఓణీతో దాని మీదకు ఎట్టా ఎక్కేదో ఎన్నిసార్లు చూసినా నాకు అంతుబట్టేది కాదు. ఆమె పేరు ఇక్కడ కూడా రాయడం లేదు. రాస్తే తిడుతుంది.

మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం 1991లో ఊపందుకుంది. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం జిల్లాను సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటించారు. ఆ ఊపు దేశమంతా పాకింది. మన రాష్ట్రంలో 1991 జనాభా లెక్కల నాటికి ఆడవాళ్ళ అక్షరాస్యత 32.72 శాతం. కలిగిరి, వింజమూరు వైపు పల్లెల్లో అంత మాత్రం కూడా కనిపించేది కాదు. సాయంత్రం డప్పులతో కలాజాత బృందం ఊళ్ళోకి దిగేది, రచ్చబండ దగ్గర పాటలు, నాటికలు వేసేది. మా ఊరికి వచ్చిన బృందంలో లెక్కలక్క కూడా ఉంది. వడ్డీ వ్యాపారి వేషం వేసింది. తువ్వాలు తలకు చుట్టి, మీసం పెట్టుకుని, వేలిముద్ర వేయించుకుంటూ నవ్విన ఆ నవ్వుకు మా అవ్వ నిజంగానే శాపనార్థాలు పెట్టింది. వేషం తీసేసి వచ్చాక కూడా కాసేపు ఆమెను నమ్మలేదు.

తర్వాత వాలంటీర్ల కోసం వెతికారు. జీతం లేదు, భత్యం లేదు. పది మందికి ఒక వాలంటీరు. పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ళ లోపు చదువురానివాళ్ళకు రాత్రిపూట మూడు వాచకాలు చెప్పాలి, మొత్తం రెండు వందల గంటల చదువు. పలకలు, బలపాలు, లాంతరు వాళ్ళిస్తారు. కిరసనాయిలు మాత్రం ఎప్పుడూ చాలేది కాదు. ఆ కిరసనాయిలు సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది. మా ఊళ్ళో పదో తరగతి పాసైన ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి నన్ను అడగడం, మా నాయన సరేననడం రెండూ ఒక్క పూటలో జరిగిపోయాయి. డబ్బు ఖర్చు లేని పని కదా.

అక్షరాస్యత అంటే అందరి దృష్టీ అక్షరాల మీదే. సంతకం పెట్టించడం మీద ఉన్న మోజు ఇంకా దేని మీదా ఉండేది కాదు. ఫొటోలు కూడా అప్పుడే తీసేవాళ్ళు. అంకెలు ప్రతి పాఠం చివర్లో, పేజీ అడుగున ఉండేవి. కానీ జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టిన లక్ష్యాల్లో లెక్కలకు కూడా సమానంగా చోటుంది. వంద దాకా అంకెలు చదవాలి, రాయాలి. మూడంకెల దాకా కూడికలు, తీసివేతలు రావాలి. రెండంకెల దాకా హెచ్చవేతలు, భాగహారాలు. కిలోలు, మీటర్లు, డబ్బు, గంటలు తెలియాలి. వడ్డీ అంటే ఏమిటో ఎంతో కొంత తెలియాలి. ఇదంతా పుస్తకంలో ఉంది. చెప్పేవాళ్ళకు ఓపిక లేక అక్కడికి వచ్చేసరికి లాంతరు ఆర్పేసేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ వాలంటీర్లకు ఆ లెక్కల భాగం చూసుకోవడానికి ఎవరు ముందుకొస్తారని అడిగితే చెయ్యెత్తింది లెక్కలక్క ఒక్కతేనట.

ఆదివారం సాయంత్రాలు వాలంటీర్లందరం బడి వరండాలో చేరేవాళ్ళం. ఆమె మాకు పాఠం ఎట్టా చెప్పాలో చెబుతుందని అనుకున్నాం. ఆమె మాకో పని పెట్టింది. వారానికి ఒక్కొక్కళ్ళం ఒక ఊరి లెక్క పట్టుకు రావాలి. అంటే, చదువురాని మనిషి ఎవరైనా నోటితో చేసిన లెక్క. జవాబు కాదు, ఆ మనిషి జవాబుకు ఏ దారిన పోయిందో, ఆ దారి. ఉన్నదున్నట్టు ఆ మనిషి మాటల్లోనే రాసుకు రావాలి. అవన్నీ ఆమె ఒక పొడుగాటి నోటుబుక్కులో ఎక్కించుకునేది.

నేను పట్టుకెళ్ళిన మొదటి లెక్క మా మేనత్తది. మా వైపు వర్జీనియా పొగాకు పంట. ఆకు కోసి తెచ్చాక ఆడవాళ్ళు దాన్ని దారంతో కర్రలకు కడతారు, ఆ కర్రలను ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో ఎత్తుతారు. కర్రకు ఇన్ని పైసలని కూలి. ఆ రోజు అత్త ముప్పై ఏడు కర్రలు కట్టింది. కర్రకు ఇరవై పైసలు. బళ్ళో నేర్చుకున్నట్టు అయితే ముప్పై ఏడును ఇరవైతో హెచ్చవేసి, వచ్చిన 740 పైసలను రూపాయల్లోకి మార్చాలి. అత్త అట్లా చెయ్యలేదు. "అయిదు కర్రలకు రూపాయి. ముప్పై అయిదుకు ఏడు. మిగిలిన రెంటికీ నలభై పైసలు" అంది, చేతిలో దారం ఆపకుండానే. నేను అదే రాసుకుపోయాను. లెక్కలక్క అది చదివి నోటుబుక్కు పక్కన పెట్టి, "ఈమెకు భాగహారం నేర్పమని నిన్ను పంపించారా?" అని నన్ను చూసి నవ్వింది.

నిజానికి మా అత్తకు అంకె రాయడం రాదు. ఏడు ఎట్టా ఉంటుందో తెలియదు. లెక్క మాత్రం నాకంటే వేగంగా చేస్తుంది. సమస్య ఎక్కడొచ్చేదంటే, మేస్త్రి పుస్తకంలో. రోజూ ఏడు రూపాయలిచ్చి, చిల్లర లేదు, రాసుకుంటాలే అనేవాడు. ఆ నలభై పైసలు, ఇంకో రోజు అరవై, మరో రోజు ఇరవై ఎక్కడ రాస్తున్నాడో, అసలు రాస్తున్నాడో లేదో చూడ్డం ఎవరికీ వచ్చేది కాదు. లెక్కలక్క చెప్పింది అదే: వీళ్ళకు లెక్క నేర్పక్కర్లేదు, లెక్కను కాగితం మీదకు దించడం నేర్పితే చాలు. ఆమె పాఠాలన్నీ అక్కడి నుంచే పుట్టాయి. మా కేంద్రంలో మొదటి నెల అత్తవాళ్ళంతా అంకెలు నేర్చుకున్నది పొగాకు కర్రల లెక్కతోనే. ఒక్కొక్కరూ ఇంటి గోడ మీద బొగ్గుతో రోజూ కర్రలు, కూలి, చేతికొచ్చింది, రావలసింది రాసుకునేవాళ్ళు. సీజను ఆఖరున మేస్త్రి పుస్తకం తెరిస్తే ఆడవాళ్ళు గోడలు చూపించారు. గొడవేం జరగలేదు. గోడల మీదున్న చిల్లర మేస్త్రి ఇచ్చుకున్నాడు, అంతే.

ఆమెకు ఒక అలవాటుండేది. ఎవరు ఏ లెక్క చెప్పినా "ఎట్టా చేశావు?" అని అడిగేది. మొదట్లో మావాళ్ళు బెదిరిపోయేవాళ్ళు. అడిగిందంటే తప్పు చేశామనే అనుకుని వెంటనే జవాబు మార్చేసేవాళ్ళు. బడికి పోయినవాళ్ళకూ ఆ భయమే కదా, టీచరు మళ్ళీ అడిగితే చాలు చేతులు వణుకుతాయి. ఆమె మాత్రం జవాబు సరైనదైనా అడిగేది, తప్పయినా అదే గొంతుతో అడిగేది. కొన్నాళ్ళకు అది ఆటగా మారింది. పదిహేడు ఆర్లు ఎంత అంటే ఒకామె పది ఆర్లు అరవై, అయిదార్లు ముప్పై, రెండార్లు పన్నెండు అని పోగేసేది. ఇంకొకామె ఇరవై ఆర్లు నూటిరవై, మూడార్లు పద్దెనిమిది తీసేయ్ అనేది. ఇద్దరికీ నూట రెండే. ఎవరి దారి దగ్గర అని వాదులాడుకుంటుంటే లెక్కలక్క గోడకానుకుని, మాట్లాడకుండా వింటూ కూచునేది. ఆమె అంత సంతోషంగా ఉండడం నేను మళ్ళీ ఆమె పెళ్ళిలో కూడా చూడలేదు.

అంకెలు రాయడంలో అందరూ ఒకే చోట ఆగిపోయారు. నూట అయిదు రాయమంటే 1005 అని రాశారు. వాళ్ళ తప్పేం లేదు. నూరు అంటే వంద రాశారు, అయిదంటే పక్కన అయిదు రాశారు. విన్నది విన్నట్టు రాశారు. మా పక్క ఊరి వాలంటీరు ఒకతను దీనికి విసిగిపోయి కేంద్రమే మూసేస్తానన్నాడు. లెక్కలక్క మూడు చేటలు తెప్పించింది. కుడివైపు చేటలో విడి చీపురుపుల్లలు, నడి చేటలో పదేసి పుల్లల కట్టలు, ఎడమ చేటలో పది కట్టలు కలిపి కట్టిన పెద్ద కట్టలు. నూట అయిదు పేర్చమంది. ఎడమ చేటలో ఒక పెద్ద కట్ట, కుడి చేటలో అయిదు పుల్లలు. "నడి చేటలో ఏముంది?" "ఏముంది, ఏం లేదు." "ఏం లేదని కూడా రాయాలి. రాయకపోతే ఆ చేట ఉందని చూసేవాడికి తెలీదు." ఆ రాత్రితో 1005 పోయింది.

ఇది ఈ మధ్య రోజూ గుర్తొస్తోంది. నేను ఆర్టీసీలో కండక్టర్ని. ఈ 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం. డబ్బు తీసుకోం, అయినా టికెట్ కొట్టి చేతికివ్వాలి, సున్నా టికెట్. "డబ్బుల్లేనప్పుడు టికెట్టెందుకమ్మా, కాగితం దండగ" అని అడిగేవాళ్ళు ప్రతి ట్రిప్పులో ఉంటారు. చేటల సంగతి చెబుదామనుకుంటాను. స్టేజీ వచ్చేస్తుంది.

తీసివేతలో ఇంకో చిక్కొచ్చింది. పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో అని బడిలో చెప్పినట్టే నేనూ చెప్పాను. మా వీధి చివరి పెద్దమ్మ బలపం కింద పెట్టేసి, "తెచ్చుకుంటే మళ్ళీ ఇయ్యొద్దా?" అంది. ఎవరూ తిరిగివ్వని అప్పు ఆమెకు నచ్చలేదు. నేను నవ్వాను గానీ, ఆదివారం ఈ సంగతి చెబితే లెక్కలక్క నవ్వలేదు. అది మంచి ప్రశ్నేనని నోటుబుక్కులో రాసుకుంది. మరుసటి రాత్రి తనే వచ్చి, ఎడమ చేటలోంచి కట్ట తీసి విప్పి నడి చేటలో పోసి, వంద నోటు మార్చి పది పదిరూపాయల నోట్లు తీసుకున్నట్టేనని చూపించింది. చిల్లర మార్చడంలో అప్పేం లేదు. పెద్దమ్మ ఒప్పుకుంది.

లెక్కలక్క వాళ్ళ నాన్న టైలరని చెప్పాను కదా, లేదా? చెప్పలేదు. టైలరు. అందుకే ఆమె సంచిలో ఎప్పుడూ ఒక టేపు ఉండేది, ఒక వైపు అంగుళాలు, ఇంకో వైపు సెంటీమీటర్లు. మీటరు పాఠం రోజు ఆ టేపు తీసి కేంద్రంలో అందరి మూరలూ కొలిచింది. మోచేతి నుంచి మధ్యవేలి కొన దాకా. ఒకామెది నలభై సెంటీమీటర్లు, ఇంకొకామెది నలభై ఏడు. అందరిదీ మూరే, అందరూ పూలు మూరల లెక్కనే కొంటారు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు మా ఊరికి పూలమ్మ వస్తే ముందు ఆమె చెయ్యి చూసేవాళ్ళు. పొట్టి చేతుల ఆమెకు బేరాలు తగ్గాయని లెక్కలక్క చాలా నొచ్చుకుని, ఆమె దగ్గరే పూలు కొనమని అందరికీ చెప్పుకుంటూ తిరిగింది. కొలతలన్నీ ఇంత గందరగోళమే మా దగ్గర. ధాన్యం పుట్టి అంటే నెల్లూరులో 850 కిలోలు, ఇంకో చోటికి పోతే ఇంకో లెక్క. ఆ పాఠం మాత్రం ఆమె తొందరగా ముగించేసింది. మా మెట్టలో పుట్ల కొద్దీ వడ్లు కొలిచేవాళ్ళు ఎంతమంది గనక.

వడ్డీ పాఠం దగ్గర మాత్రం వారాలకు వారాలు ఆగింది. మా వైపు వడ్డీ నూటికి ఇన్ని రూపాయలని, నెలకు. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు. ఇది అందరికీ తెలుసు, ఎవరికీ ఇందులో అనుమానం లేదు. అత్త అప్పటికి మూడేళ్ళ కిందట మామ వైద్యానికి మూడు రూపాయల వడ్డీకి అయిదు వందలు తెచ్చింది. మొదటి నెల వడ్డీ ముందే పట్టుకుని చేతికి 485 ఇచ్చారు. నెలకు పదిహేను తప్పకుండా కడుతోంది. నెలకు పదిహేనే కదా అని అత్త ధీమా. లెక్కలక్క గోడ మీద నెలలు వరుసగా రాయించింది. ఒకటో నెల 15, రెండో నెల 30, మూడో నెల 45. అత్త చేతనే రాయించింది, తను చెయ్యి పెట్టలేదు. ముప్పై మూడో నెల 495. ముప్పై నాలుగో నెల 510. ముప్పై ఆరుకి 540.

అత్త చాలాసేపు గోడ వైపే చూసి, "అంటే నేను తెచ్చింది ఇచ్చేసినట్టేనా?" అంది.

"వడ్డీ ఇచ్చావత్తా. అసలు అట్టే ఉంది."

లెక్కలక్క ఇంకేం చెప్పలేదు. ఉపన్యాసం ఇవ్వడానికి అంతకంటే మంచి అదను ఉండదు, నేనైతే ఇచ్చేదాన్ని. అత్త ఆ వారమే రెండు మేకపోతులను కలిగిరి సంతకు తోలించి అసలు కట్టేసింది. గోడ మీద ఆ లెక్కను మాత్రం సున్నం వేసే దాకా చెరపలేదు.

సారా లెక్క అందరికీ తెలిసిందే అయినా, అది మా కేంద్రంలో ఎట్టా మొదలైందో చెప్పాలి. దూబగుంట మాకు దూరమేం కాదు, కలిగిరి మండలమే. అక్కడి ఆడవాళ్ళు వర్ధినేని రోశమ్మ ముందుండగా సారా అంగడి మూయించిన కథ మాకు చదువులో పాఠంగా వచ్చింది. పాఠం చదివాక ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఒకామె పలక తీసుకుని, "ప్యాకెట్టు ఆరు రూపాయలనుకుందాం. రోజుకు రెండు" అని మొదలుపెట్టింది. రోజుకు పన్నెండు. నెలకు 360. అక్కడిదాకా మూడంకెలే, పుస్తకం చెప్పిన హద్దులోనే ఉంది. ఏడాదికెంత అని ఎవరో అన్నారు. 360ని పన్నెండు సార్లు కూడారు. 4,320. నాలుగంకెలు మేమింకా చెప్పనే లేదు. ఎడమవైపు ఇంకో చేట పెట్టుకున్నారంతే.

ఇంతలో ఇంకొకామె, రోజుకు పన్నెండు చొప్పున 365 రోజులకు వేస్తే 4,380 వస్తోంది, అరవై రూపాయలు తేడా ఎందుకొచ్చిందని అడిగింది. నెలకు ముప్పై రోజులే వేశాం కాబట్టి అయిదు రోజులు తగ్గాయని లెక్కలక్క చెప్పింది. "ఆ అయిదు రోజులు మా ఆయన మానేస్తాడా ఏంది? వెయ్యి, అది కూడా వెయ్యి" అందామె. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే ఇద్దరు ముగ్గురు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత జరిగింది పేపర్లలో వచ్చింది. 1992లో జిల్లా అంతటా ఆడవాళ్ళు సారా వేలంపాటలు అడ్డుకున్నారు, అంగళ్ళు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో అది పోయింది. చదువు వల్లే ఇదంతా జరిగిందని కొందరు రాశారు, చదువుకు దీనికి సంబంధం లేదని కొందరు రాశారు. నాకు తెలిసిందల్లా ఆ రాత్రి పలక మీద 4,380 అని ఉంది, దాన్ని రాసింది అయిదారు నెలల ముందు నూట అయిదును 1005 అని రాసిన చెయ్యి.

ఉద్యమం చల్లబడింది. అన్ని ఉద్యమాలూ చల్లబడతాయి గానీ ఇది మరీ త్వరగా చల్లబడిందని నాకనిపిస్తుంది. కలాజాతలు ఆగాయి, లాంతర్లకు తుప్పు పట్టింది. చాలామంది అక్షరాలు మర్చిపోయారు. మా ఊళ్ళో చదవడానికి ఏముండేది, ఒక పేపరు వస్తే వచ్చినట్టు. అంకెలు మాత్రం పోలేదు. రోజూ అవసరం వాటితో. సారా గొడవ తర్వాత మా జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టారు, రోజుకు రూపాయి పొదుపు. మా వీధి సంఘంలో పదిహేను మంది, నెలకు 450 రూపాయలు. పుస్తకం రాయడానికి పక్క ఊళ్ళల్లో బడి పంతులునో, చదువుకున్న కుర్రాణ్ణో పిలిచారు. మా సంఘంలో పుస్తకం అత్త రాసింది. అక్షరాలు వంకరటింకరగా ఉండేవి, పేర్ల బదులు కొన్నిచోట్ల గుర్తులుండేవి, చెవిదుద్దు బొమ్మ వేస్తే ఫలానా ఆమె అని. అంకెలు మాత్రం అచ్చు వేసినట్టు ఉండేవి. తనిఖీకి వచ్చినాయన ఆ బొమ్మలు చూసి ముఖం చిట్లించాడు గానీ మొత్తంలో పైసా తేడా పట్టుకోలేకపోయాడు.

పావలా వడ్డీ రుణాలు వచ్చిన రోజుల్లో సంఘంవాళ్ళంతా బ్యాంకుకు వెళ్ళారు. మూడు శాతం వడ్డీ అని అక్కడ చెప్పగానే సగం మంది లేచి నిలబడ్డారు. మూడు రూపాయల వడ్డీకి బ్యాంకెందుకు, ఊళ్ళోనే దొరుకుతుందని. అత్త వాళ్ళను కూచోబెట్టి, "నెలకా, ఏడాదికా?" అని అడిగింది. ఏడాదికన్నారు. మూడు రూపాయలను పన్నెండు నెలలకు పంచింది. నెలకు పావలా. ఊళ్ళో వడ్డీలో పన్నెండో వంతు. అందరూ సంతకాలు పెట్టి వచ్చారు.

లెక్కలక్క అవేవీ చూడలేదు. డిగ్రీ అయ్యాక బీఈడీ చేసింది, డీఎస్సీలో ప్రకాశం జిల్లాలో పోస్టింగ్ వచ్చింది, పెళ్ళయింది. వెళ్ళే ముందు మా నాయనతో ఒక సాయంత్రం మాట్లాడింది. చదువు గొప్పదనం గురించి కాదు. కావలికి బస్ పాస్ ఎంత, కాలేజీ ఫీజు ఎంత, పొగాకు పనికి పోతే ఏడాదిలో ఎన్ని నెలలు కూలి దొరుకుతుంది, ఎంత వస్తుంది, ఉద్యోగమొస్తే ఎన్నాళ్ళలో ఈ ఖర్చు తిరిగొస్తుంది. అన్నీ ఒక కాగితం మీద వేసి చూపించింది. మా నాయన ఆ కాగితాన్ని రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు. తర్వాత నన్ను ఇంటర్‌లో చేర్పించాడు. నేను కండక్టర్నయ్యానని ఉత్తరం రాస్తే జవాబులో శుభాకాంక్షలు ఒక వాక్యం, మిగతా పేజీ అంతా ప్రశ్నలు: స్టేజీకి స్టేజీకి మధ్య ఛార్జీ ఎట్టా లెక్క కడతారు, చిల్లర లేనప్పుడు ఏం చేస్తారు, ఎస్సార్, అదే టికెట్ల లెక్క కాగితం, రాసేటప్పుడు తేడా వస్తే ఎక్కడ వెతుకుతారు.

ఇప్పటికీ పాఠాలు చెబుతూనే ఉంది. నెలకోసారైనా ఫోన్ చేస్తుంది. ఈ దసరా సెలవులకు మా ఊరు వస్తానంది. ఆ మాట అత్తకు చెప్పాను. అత్తకు ఇప్పుడు అరవై దాటాయి, చూపు కాస్త మందగించింది, సంఘం పుస్తకం కోడలు రాస్తోంది.

"రమ్మను. దానికి నేను పది రూపాయలు బాకీ" అంది అత్త.

1992 దసరాకు లాంతర్లో కిరసనాయిలు అయిపోతే లెక్కలక్క దగ్గర పది రూపాయలు తీసుకుని తెప్పించిందట. ఆ తర్వాత సారా గొడవల్లో పడి ఇవ్వడం మర్చిపోయింది. ఇన్నేళ్ళూ నాకు కూడా చెప్పలేదు. పదే కదా, ఇప్పుడు ఇచ్చినా తీసుకోదులే అన్నాను. అత్త వినలేదు. కళ్ళు మూసుకుని వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"మూడు రూపాయల వడ్డీ నేను కట్టను, అది అన్యాయం. రూపాయి వడ్డీ కడతా. పదికి నెలకు పది పైసలు. ముప్పై మూడేళ్ళంటే 396 నెలలు. ముప్పై తొమ్మిది రూపాయల అరవై పైసలు వడ్డీ, పది అసలు. యాభై నోటిస్తా. నలభై పైసలు చిల్లర తెచ్చుకోమను."